పేరు పెట్టి పిలవాల్సిన ఆట

నాగవేణికి గొంతు లేదని ఎవరైనా అంటే వాళ్ళు ఆ పిల్లను మంద దగ్గర చూసి ఉండరు. కొనకనమిట్ల దాటాక వాళ్ళ ఊరి గుట్టెక్కి ఒక్క కేక వేసిందంటే అవతలి చేలో పొరుగువాళ్ళ మేకలు కూడా నమలడం ఆపి తలెత్తేవి. తండ్రి మాలకొండయ్యది గొర్రెల మంద. ఎండలు ముదిరి బీళ్ళలో గడ్డి మాడిపోగానే ఆయనా భార్యా మందను తోలుకుని నెల్లూరు వైపు పోతారు. మళ్ళీ తొలకరికే ఇంటి తాళం తీయడం. వాళ్ళ వెంట తిప్పితే పిల్ల చదువు చెడుతుందని నాగవేణిని అదే ఊళ్ళో అమ్మమ్మ సుశీలమ్మ ఇంట్లో పెట్టారు. చదువు ఏ మాత్రం బాగుపడిందో ఆ సరస్వతికే తెలియాలి. ఇంటర్లో చేరిన పిల్ల హాకీ కర్ర పట్టింది.

ఆ ఇంట్లో హాకీ కర్రలు రెండు. రెండోది సునీతది. సునీత అంటే సుశీలమ్మ కోడలు, నాగవేణికి మేనమామ శ్రీకాంత్ భార్య. త్రిపురాంతకం వైపు పిల్ల. హాస్టల్లో చదివేటప్పుడు హాకీ ఆడింది. నిరుడే పెళ్ళయి వచ్చింది. వయసులో నాగవేణి కంటే మూడేళ్ళు పెద్ద, అంతే. కానీ వరసకు అత్త. ఆటలో కుడి పక్క అంచున పరుగెత్తడం ఆమె పని. నాగవేణి నడిమధ్య నిలబడి, వచ్చిన బంతిని ఆపి, ఎటు పంపాలో అటు పంపాలి.

"కోడలు, మనవరాలు ఇద్దరూ కర్రలు పట్టుకుని పోతాండారు, ఇంగ నా ఇంటి జోలికి దొంగ కూడా రాడు" అని సుశీలమ్మ బజార్లో చెప్పుకునేది. ఆటకు ఆమె అడ్డు కాదు. ఆమె అడ్డు చెప్పేది ఒక్కదానికే. వరస తప్పకూడదు. పిన్నిని పిన్ని అనాలి, వదినను వదిన అనాలి. మేనమామ పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే పిల్ల తన చేతి అన్నం తినాల్సిన పని లేదు.

మరి హైస్కూలు వెనక గ్రౌండులో నడిచే సాధన అంతా పేర్ల మీదే నడిచేది.

వ్యాయామం నేర్పే హన్నా మేడం మార్కాపురం నుంచి స్కూటీ మీద వచ్చేది. పొట్టి మనిషి, పొడుగు విజిలు. గ్రౌండు నిండా గులకరాళ్ళు. పిల్లల చేతనే ఏరించింది. మూలలకు గుర్తులు కావాలంటే పగిలిన పలక ముక్కలు పాతించింది. ఒక్కో మూలలో ఒకరిని, మొదటి మూలలో ఇద్దరిని నిలబెట్టేది. బంతి ఉన్న పిల్ల ముందు ఎవరికి ఇస్తుందో పేరు పెట్టి అరవాలి, తర్వాత బంతిని తోయాలి, తోసిన బంతి వెనకే పరుగెత్తి ఆ మూల పట్టాలి. అందుకున్న పిల్ల కర్ర చదును వైపుతో బంతిని ఆపి, ఇంకో పేరు అరిచి, ఇంకో మూలకు తోయాలి. ఇట్లా ఆగకుండా తిరగాలి. ఊపిరి ఆడకపోయినా పేరు మాత్రం పలకాలి.

ఎందుకంటే అది చుట్టరికాల ఊరు. జట్టులో సగం మంది సగం మందికి ఏదో ఒకటి అవుతారు. నాగవేణి "అత్తా!" అని అరిస్తే సునీతా తిరుగుతుంది, వాళ్ళ నాయన వైపు వరసకు అత్త అయ్యే చెంచులక్ష్మీ తిరుగుతుంది. ఇద్దరూ ఒకే బంతికి వస్తారు. లేదంటే నీకేమోలే అని ఇద్దరూ ఆగిపోతారు. బంతి మాత్రం ఎవరి వరసా చూసుకోకుండా కంపచెట్లలోకి పోతుంది.

"వరసలు పెండ్లిళ్ళలో చూసుకోండి. గ్రౌండులో పేర్లు!" అని హన్నా మేడం తేల్చేసింది. ఎవరి నోట వరస వచ్చినా జట్టు జట్టంతా గ్రౌండు చుట్టూ పరుగెత్తాలి.

అందరూ నేర్చుకున్నారు. నాగవేణి కూడా చెంచులక్ష్మిని చెంచూ అని పిలవడం నేర్చుకుంది. సునీత దగ్గరికి వచ్చేసరికి గొంతుకు తాళం పడేది. "అ..." అనేది. విజిలు మోగేది. అందరూ పరుగు.

"నీ మర్యాద మా మోకాళ్ళ మీదికి వస్తాందే నాగా" అని రొప్పుతూ తిట్టింది చెంచులక్ష్మి. "మీ అత్త పేరేమన్నా బూతా? చెప్తే నోరు పుచ్చిపోతాదా?"

ఒకరోజు ఆ ఉక్రోషంతోనే నాగవేణి కళ్ళు మూసుకుని "సునీతా!" అని అరిచేసింది. సునీత తటాలున కదిలింది, బంతి పోయి ఆమె కర్రకు అతుక్కున్నట్టు ఆగింది. హన్నా మేడం చప్పట్లు కొట్టింది. అంత తియ్యగా ఎప్పుడూ కుదరలేదు.

వాళ్ళిద్దరూ ఇల్లు చేరేలోపే ఆ కేక ఇల్లు చేరింది. గ్రౌండు పక్కన బర్రెను మేపుకునే ఓబులయ్యకు మోయడానికి వేరే బరువు లేదు పాపం.

సుశీలమ్మ మనవరాలిని ఒక్క మాట అనలేదు. కోడలినే నిలబెట్టింది. "నువ్వు చనువు ఇయ్యకుండానే అది అంత మాట అనిందా? రేపు నీ మొగుణ్ణి కూడా పేరు పెట్టి పిలుస్తాది, పలకమను. పెద్దరికం నిలబెట్టుకోలేనిదానివి నా ఇంటికి ఏం కోడలివే?"

సునీత రాత్రి గిన్నెలు తోముతూ నాగవేణితో పళ్ళ బిగువున అంది: "నువ్వు పిలుస్తావు, మాట పడేది నేను. ఇంగోసారి నా పేరెత్తొద్దు నాగా. నాకు బంతి ఇయ్యకున్నా మేలే."

"ఇయ్యకుంటే ఆట ఎట్లత్తా?"

"నాకు ఆట వారానికి మూడు దినాలు. మీ అమ్మమ్మతో కాపరం దినామూ."

అప్పటి నుంచి నాగవేణి కుడి పక్కకు చూడటం మానేసింది. బంతి రాగానే ఎడమకు తోసేది, లేదంటే నేరుగా ముందుకు కొట్టేది. కుడి అంచున సునీత ఖాళీగా పరుగెత్తి ఖాళీగా వెనక్కి వచ్చేది. హన్నా మేడం కనిపెట్టకుండా ఉంటుందా?

"ఒక కన్ను మూసుకుని ఆడతాండావు. ఎదుటోళ్ళకు అది చాలు" అంది.

ఎంపికలు దగ్గరికొచ్చాయి. మార్కాపురంలో పామూరు వైపు జట్టుతో మ్యాచ్ పెట్టి, రెండు జట్లలోంచి జిల్లా జట్టుకు పనికొచ్చే వాళ్ళను తీస్తామన్నారు. జిల్లా జట్టులో పడితే క్రీడా హాస్టల్లో చోటు. ఆ వారమే మాలకొండయ్య ఫోను చేశాడు. వెనక గొర్రెల అరుపులు, లారీల రొద.

"అమ్మా, మీ అమ్మకు మోకాళ్ళు సహకరించడం లేదు. నేనొక్కణ్ణి ముందరా యెనకా కాయలేకుండా ఉండా. ఈసారి నిన్ను తీసుకుంటే సరే, నేనేం అనను. లేకుంటే మాత్రం ఆ వంకర కర్ర మూలన పెట్టి మంద కాడికి రా."

"అట్లనే నాయనా" అంది నాగవేణి. వేరే ఏమనగలదు? ఆయన గదమాయించి ఉంటే పోట్లాడేది. ఆయన బతిమాలినట్టు అడిగాడు.

మ్యాచ్ రోజు సుశీలమ్మ ఉతికిన చీర కట్టి, చేతిలో గొడుగుతో అందరికంటే ముందు ఆటో ఎక్కి కూర్చుంది. వద్దనడానికి ఎవరికి ధైర్యం? గ్రౌండు అంచున, కుడి పక్క సున్నపు గీతకు రెండడుగుల అవతల ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుంది. సరిగ్గా సునీత పరుగెత్తే దారి పక్కన.

ఆట మొదలైంది. పామూరు పిల్లలు బలంగా ఉన్నారు, నోళ్ళు అంతకంటే బలంగా ఉన్నాయి. ఒకరినొకరు పేర్లతో తూటాల్లా పిలుచుకుంటూ బంతిని తిప్పుతున్నారు. నాగవేణి చెమట కక్కుతూ బంతిని లాక్కోవడమైతే లాక్కుంటోంది. లాక్కున్న బంతి ఎడమకు తోస్తోంది. రెండుసార్లు అట్లా జరిగేసరికి పామూరు జట్టు నాయకురాలు నవ్వింది. "కుడి పక్క వదిలేయండే, అది అటు ఇయ్యదు!" అని అరిచి తన వాళ్ళందరినీ ఎడమకు జరిపింది. ఇక తోసిన బంతల్లా పోయి వాళ్ళ కర్రలకే తగిలింది. షామియానా కింద కూర్చున్న ఎంపిక సార్లు ఇద్దరూ టీ తాగుతూ వేరే పిల్లల్ని చూస్తున్నారు.

విరామంలో హన్నా మేడం నాగవేణి ముందు గొంతుకూర్చుంది. "వాళ్ళు నీ వైపు చూడటం కూడా మానేసినారు, తెలుస్తాందా? నీ గొంతు ఎక్కడ పెట్టి వచ్చినావు?"

నాగవేణి నీళ్ళ సీసా పట్టుకుని అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ గొడుగు కింద వక్క నములుతూ చూస్తోంది. తండ్రి మాట చెవిలో తిరిగింది. తల్లి మోకాళ్ళు కళ్ళ ముందు కదిలాయి.

జట్లు వైపులు మారగానే సుశీలమ్మ కుర్చీ కూడా సునీత పరుగెత్తే అంచుకే మారింది. మళ్ళీ ఆట మొదలైన కాసేపటికి బంతి దొరికింది. కుడి పక్క బయలు బయలుగా ఉంది. సునీత ఒక్కతే ఉంది. నాగవేణి నోట అలవాటు మాటే వచ్చింది. "అత్తా!"

సునీతా కదిలింది, చెంచులక్ష్మీ కదిలింది. ఇద్దరూ భుజాలు గుద్దుకుని కింద పడ్డారు. పామూరు పిల్ల వాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకుని, అడ్డం వచ్చినవాళ్ళు లేక, నింపాదిగా పోయి గోలు కొట్టి వచ్చింది. గ్రౌండంతా గొల్లుమంది.

"మీ చుట్టరికాలు తగలబడ!" అంది చెంచులక్ష్మి చిట్లిన మోచేతిని ఊదుకుంటూ. ఆ మాటకు కుర్చీలో సుశీలమ్మ వక్క నమలడం ఆపింది.

నాగవేణి చెవులు కాలిపోయాయి. పొద్దు కుంగుతోంది. ఆట అయిపోవస్తోంది. ఇంకో బంతి దొరుకుతుందో లేదో. దొరికింది. ఎదుటి పిల్ల కర్ర కింద నుంచి గుంజి లేచేసరికి కుడి పక్క మళ్ళీ ఖాళీ. ఈసారి నాగవేణి కళ్ళు మూసుకోలేదు. గుట్ట మీద మందను మలిపేటప్పటి కేక ఒకటి కడుపులోంచి తీసింది.

"సునీతా!"

బంతి గీత కొట్టినట్టు పోయింది. సునీత కదలలేదు. రాయిలా నిలబడి, బంతిని వదిలేసి, కుర్చీలో ఉన్న అత్త మొహం వైపు చూసింది. బంతి ఆమె బూటు పక్క నుంచి గీత దాటి, దొర్లుకుంటూ వెళ్ళి సుశీలమ్మ కుర్చీ కాలికి తగిలి ఆగింది.

సుశీలమ్మ లేచింది. వక్క ఉమ్మేసింది. అయిపోయింది, ఇంక మంద కాడికే అనుకుంది నాగవేణి.

సుశీలమ్మ మనవరాలి వైపు చూడనే లేదు. గొడుగు మొన కోడలి వైపు చూపింది.

"అది పిలిస్తే పోవాల గానీ నా మొగం చూస్తావేందే? నా మొగంలో ఉందా బంతి?"

షామియానా కింద ఎంపిక సార్ల చేతుల్లో టీ తొణికింది. పామూరు పిల్లలు కూడా పడీ పడీ నవ్వారు. సునీత మొహం జేవురించింది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. సుశీలమ్మ బంతిని కాలితో లోపలికి తన్ని కూర్చుంది.

ఆ తర్వాత మిగిలింది కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ నాగవేణి గొంతు ఆగలేదు. "సునీతా, ముందుకు! చెంచూ, నడుమకు! సునీతా, వెనక్కి తొయ్!" అంచు వెంట సునీత పరుగెత్తడం చూసి పామూరు పిల్లలు బెదిరి చెల్లాచెదురయ్యారు. ఒక బంతి గోలు దాకా పోయి కాపలా పిల్ల కాలికి తగిలి తిరిగొచ్చింది. ఇంకొకటి కట్టె పక్క నుంచి పోయింది. విజిలు మోగింది. ఓడిపోయారు.

నీడలు సాగాక ఎంపిక సారు ఒకాయన లేచి పేర్లు చదివాడు. పామూరు వాళ్ళవే వరసగా వస్తున్నాయి. నాగవేణి బూట్ల దుమ్ము చూస్తూ నిలబడింది. ఆఖర్న ఆయన ఆగి, పక్కాయనను అడిగాడు. "ఆ నడుమ కేకలేసిన పిల్ల పేరేంది?"

"నాగవేణి!" అని హన్నా మేడం కంటే ముందు సునీత చెప్పింది.

"ఆ పిల్ల కూడా. నడుమ నిలబడేదానికి అంత గొంతు ఉండాల."

సునీత పేరు చదవలేదు. నాగవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా..."

"నిలబడిపోయినా కదా" అంది సునీత, కర్ర చివరతో మట్టి గీస్తూ. "నిలబడిపోయినోళ్ళను ఎట్ల తీసుకుంటారు?"

ఆ మాట సుశీలమ్మ చెవిన పడింది. ముడిచిన గొడుగును విప్పి, మళ్ళీ ముడిచింది.

ఆటోలో కొనకనమిట్ల రాకముందే మాలకొండయ్య ఫోను వచ్చింది. నాగవేణి సంగతి చెప్పింది. అవతల సంతోషపు నవ్వు ఒకటి, ఆ వెంటనే నిట్టూర్పు. "మంచిదమ్మా. మంచిది. మరి ఈడ... సరేలే, నేనే ఎట్లో తిప్పలు పడతాలే."

సుశీలమ్మ చెయ్యి చాచి ఫోను లాక్కుంది.

"అల్లుడా, నేను మాట్లాడతాండా. శ్రీకాంత్‌ను పంపిస్తాండా మంద కాడికి."

"వాడా? వాడు పలకల మిల్లుకు పోతాడు కదత్తా?"

"పని ఉన్న దినం మిల్లుకు, లేని దినం మంచానికి. మంచానికి పోయేదేదో నీ మందకు వస్తాడు. ఆడ వానికి కాళ్ళాడతాయి, ఈడ..." అని కోడలి వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. "ఈడ దీనికి పొద్దున్నే పరుగెత్తే పని ఉండాది. వాడుంటే టీ పెట్టు, నీళ్ళు తోడు అని సతాయిస్తాడు. వచ్చే ఏడు మళ్ళీ తీస్తారంట కదా. నా మొగం చూసి నిలబడకుండా దీన్ని తయారు చేయాల."

సునీత ఆటో కమ్మీ పట్టుకుని బయటికి చూస్తోంది. నాగవేణి వంగి ఆమె మొహం చూడబోయింది.

"ఏంది చూస్తావు? నా మొగంలో ఉందా బంతి?" అంది సునీత.

ముందు సీట్లో సుశీలమ్మ భుజాలు కదిలాయి. నవ్విందో, దగ్గిందో, ఆమె మాత్రం వెనక్కి తిరగలేదు.