మోచేతి కింద పెడల్

పుట్టుకతోనే నా కాళ్లలో బలం లేదు. పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా, మూసారాంబాగ్‌లోని మా ఇంట్లో అమ్మ ఎత్తి ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేదాన్ని. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. నాలాంటివాళ్లకు వ్యాయామం చేయించి, కుట్టుపని నేర్పే కేంద్రం ఎల్బీనగర్‌లో ఉందని ఎవరో చెబితే నాన్న చేర్పించాడు. అమ్మకు మాత్రం భయం. రోజూ నాతోపాటు ఆటోలో వచ్చి తరగతి గుమ్మం పక్కనే కూర్చునేది. నన్నెవరేమడిగినా జవాబు తనే చెప్పేది.

మాకు కుట్టు నేర్పే అక్కది నల్గొండ వైపు పల్లె. కొన్నాళ్లు ఊరుకుని, ఒకరోజు పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, మీరు జర ఇంటికి పోండ్రి. సాయంత్రం ఒచ్చి తీస్కపోండ్రి."

"దాహమేసినా అడగదండీ ఇది. కుర్చీ మారాలన్నా నేనే ఎత్తాలి," అంది అమ్మ.

"మీరే ఎత్తుతుంటే ఆమెకెట్ల ఒస్తది? గది నేర్పనీకే కదా మేమున్నది."

అమ్మ నావైపు చూసింది. "వెళ్లమ్మా," అన్నాను. గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది.

ఆరోజే, కేంద్రంలో ఇచ్చిన చక్రాల కుర్చీలోంచి మిషన్ ముందున్న స్టూలు మీదికి చేతుల బలంతో జరగడం మొదలుపెట్టాను. జారి కింద పడ్డాను. అక్క ఎత్తలేదు. వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది.

"దెబ్బ తాకిందా?"

"లేదక్కా." సిగ్గుతో నవ్వు ఆగడం లేదు నాకు.

"అయితే నవ్వుడు ఆపి స్టూలు పట్టుకో. నేనుంట పక్కకు."

నా మిషన్‌కు మోటారు ఉంది. దాని పెడల్‌ను బల్ల మీద, నా మోచేతి కిందికి వచ్చేలా బిగించారు. మొదట్లో కాస్త నొక్కితే చాలు, బట్ట పరుగెత్తేది. మెల్లగా అదుపులోకి వచ్చింది. మొదటి జాకెట్టు అమ్మకే కుట్టాను. వేసుకోబోతే చెయ్యి సగంలో ఇరుక్కుంది.

"లాగవే, ఊడి రావట్లేదు!" అని అమ్మ కేకలు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం.

మర్నాడు అక్క దాన్ని తిప్పి చూసింది. "చంక గింత ఇరుకా? మీయమ్మ మనిషా, బొమ్మనా? కుట్లు ఇప్పు, మల్ల కుట్టు."

రెండోసారి సరిపోయింది. అల్మాస్‌గూడలో పిన్ని గృహప్రవేశానికి అమ్మ అదే వేసుకుంది. ఒక చెయ్యి కాస్త పొడుగైందని ఎవరో అంటే, "మా అమ్మాయి కుట్టింది. ఈ మోడలే అంత," అంది తడుముకోకుండా.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ టైలర్ దగ్గర పనిచేస్తున్నాను. పక్క చక్రాలున్న స్కూటీ మీద నేనే వెళ్లొస్తాను. మధ్యాహ్నం తిన్నావా అని అమ్మ ఫోన్ చేస్తుంది. పనిలో ఉన్నానంటే, "సరేలే, కానియ్" అని పెట్టేస్తుంది.