బిగించకూడని మర

డిగ్రీ పరీక్షలు ముగిసిన ఏడాది జూన్‌లో, చెన్నై పురసవాక్కంలోని ఒక సంగీత వాద్యాల అంగడిలో ఉద్యోగానికి చేరాను. హోదా సేల్స్ అసిస్టెంట్. గిటార్లకు శ్రుతి పెట్టడం, తీగలు మార్చడం, కొనడానికి వచ్చినవాళ్లకు మోగించి వినిపించడం నా పనులు. కొన్నేళ్లు చేసి, గ్రంథాలయ శాస్త్రం చదువుకోవడానికి ఈమధ్యే మానేశాను. యజమాని శెట్టిగారు ఇప్పటికీ ఫోన్ చేస్తే “ఏం రిటైర్డ్ ఆఫీసరమ్మా, బాగుండావా?” అనే పలకరిస్తారు. ఇంకా ముప్పై నిండకుండా ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి నాకున్న అర్హత ఆ బిరుదు ఒక్కటే.

గిటార్ నాకు మా పిన్ని నేర్పింది. గదిలో తలుపు వేసుకుని గంటలకొద్దీ వాయించేదాన్ని. ఎదురుగా మనిషి కూర్చుంటే మాత్రం చేతులు చల్లబడేవి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే శెట్టిగారు ఈ సంగతి కనిపెట్టారు. తిట్టలేదు. గోడవైపు తిప్పి ఒక స్టూలు వేయించారు. కొనడానికి వచ్చినవాళ్లను దానిమీద కూర్చోబెట్టి “కళ్లు మూసుకోండి, రంగు చూసి కొంటే రంగే మిగులుతుంది” అనేవారు. నేను వాళ్ల వెనుక నిలబడి, ఒకే స్వరాల వరుసను ఒక్కో గిటార్ మీద వాయించేదాన్ని. నా సిగ్గును దాచడానికి పెట్టిన ఏర్పాటు అంగడి పద్ధతి అయిపోయింది. ఏ గిటార్ ఎలా మోగిందో రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. ఒకటి ఇత్తడి బిందెలా, ఒకటి తడి తువ్వాలులా, ఒకటి జలుబు చేసిన గొంతులా.

చవక గిటార్లలో చాలావాటి పైచెక్క ప్లైవుడ్. అందులో దోషమేమీ లేదు, చెన్నై ఉక్కపోతను అది కొంత ఎక్కువే ఓర్చుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అసలు ముఖ్యమైనది తీగ ఎత్తు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే సన్నని లోహపు గీతలు ఫ్రెట్లు. వాటికీ పైనున్న తీగకూ మధ్య ఎడాన్ని మా వృత్తిలో యాక్షన్ అంటారు. ఎడం ఎక్కువైతే వేలు తెగేలా నొక్కాలి. మరీ తక్కువైతే తీగ ఫ్రెట్టుకు తగిలి గరగరమంటుంది.

తమిళుల ఆడి మాసం, బట్టల తగ్గింపుల రోజులు. వీధి నిండా చీరల సంచులు పట్టుకున్న జనం. ఒక శనివారం ఉదయం శెట్టిగారు దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి ఇటు తిరిగేసరికి, మెట్లెక్కి ముగ్గురు వచ్చారు. పెరంబూరు నుంచి వచ్చిన రేవతి, ఆమె భర్త మురళి, అత్తగారు. రేవతి ఒక ప్లే స్కూల్లో టీచరు. మురళి రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతని భుజాన గుడ్డ సంచిలో పాత గిటార్ ఉంది. దాన్ని ఇచ్చేసి, పైన కాస్త డబ్బు వేసి, కొత్తది తీసుకోవాలని వచ్చారు.

విషయం అత్తగారే చెప్పారు. “స్కూల్ పండగకి పిల్లకాయలు పాడతా ఉంటే ఈమె వాయిస్తానని మాటిచ్చేసింది. కొన్న నెలకే ఇది అటకెక్కిందమ్మా. వేళ్లు నొప్పంట. కొత్తది కూడా అటకెక్కిందా, అప్పరం ఇంట్లో గిటార్ అనే మాట వినపడకూడదు, అంతే.”

“సరి అత్తా, ఒప్పుకున్నా కదా” అంది రేవతి. ఎడమచేతి వేళ్లను మాత్రం కొంగులో దాచుకుంది. ఆ చేయి తనది కానట్టు దాచుకోవడం నాకు తెలిసిన పనే.

శెట్టిగారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. అది బోణీ బేరం. మొదట వచ్చినవాళ్లు వట్టి చేతులతో వెళ్లకూడదన్నది ఆ వీధిలో అందరూ పాటించే నియమం. ఆయన అప్పుడే నిగనిగలాడే నల్ల గిటార్‌ను కొక్కెం మీంచి దించుతున్నారు.

ఎక్స్ఛేంజికి వచ్చిన వాద్యాన్ని శ్రుతి చేసి, మోగించి చూశాకే విలువ కట్టాలి. అది నా పని. పాత గిటార్‌ను బల్లమీద పెట్టి చూశాను. తీగలు ఫ్రెట్లకు చాలా ఎత్తున, బట్టలారేసే దండేల్లా ఉన్నాయి. తీగలు విప్పి, వాటిని కింద మోసే తెల్లని పట్టీని పైకి లాగాను. దాని అడుగున ఒక ఇత్తడి రేకు. అంచులు చక్కగా ఆకురాయి పెట్టి, అద్దంలా మెరుగు పెట్టి ఉంది.

“అది నేనే పెట్టినా” అన్నాడు మురళి సంతోషంగా. “మన చేతి పనే. బాగుండాదా?”

పని నిజంగా బాగుంది. ఎందుకు పెట్టారని అడిగాను. తీగలు గరగరమంటుంటే ఎత్తు చేశానన్నాడు. కొన్ననాటి నుంచీ గరగరమనేవా అని అడిగాను.

“లేదు లేదు, మొదట్లో బాగుండింది. కొన్న రెండోరోజు టార్చి వేసి చూస్తే లోపల మర ఒకటి కొంజం వదులుగా ఉండింది. బిగించినా. మర వదులుగా వదిలేస్తే మా ఫ్యాక్టరీలో ఇంటికి పంపేస్తారు!”

“నా కొడుకు ఏం చేసినా గట్టిగా చేస్తాడు” అన్నారు అత్తగారు.

నాకు అంతా అర్థమైంది. ఆ మర గిటార్ మెడలో దాచిన ఇనుప కడ్డీది. తీగలు మెడను ముందుకు లాగుతాయి, కడ్డీ వెనక్కి లాగుతుంది. మెడ బద్దలా తిన్నగా ఉండకూడదు. తీగ ఊగడానికి కనీకనపడని వంపు కావాలి. అందుకే గిటార్ చేసినవాళ్లు మరను కాస్త వదులుగా ఉంచారు. మురళి బిగించగానే మెడ వెనక్కి వంగి, తీగలు ఫ్రెట్లకు తగిలాయి. గరగర పోవడానికి అతను తీగలను ఎత్తాడు. ఎత్తిన తీగలను నొక్కలేక రేవతి వేళ్లు పుండ్లు పడ్డాయి. తన వేళ్లే పనికిరావని ఆమె అనుకుంది.

ఈ మాట చెబితే బోణీ పోతుంది. చెప్పకపోతే కొత్త గిటార్‌కూ రెండోరోజే మర బిగుసుకుంటుంది. శెట్టిగారిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పాను. ఆయన దేవుడి పటంవైపు ఒకసారి, నల్ల గిటార్‌వైపు ఒకసారి చూశారు.

“నీకు రిపేరీ వస్తుందా?”

వస్తుందన్నాను.

“అయితే చెయ్యి. చేసి, దాన్ని కూడా వరసలో పెట్టు. ఏది ఏదని చెప్పొద్దు. ఆమె చెవికే వదిలేద్దాం.” ఆపైన నిట్టూర్చి, “ఈళ్లకి కాఫీ చెప్తా” అని కిందికి దిగారు.

ఇలాంటి మరలు తిప్పే ఎలన్ కీతో దాన్ని కొంచెం కొంచెంగా వదులు చేశాను. ఇత్తడి రేకు తీసేసి, సన్నరకం కొత్త తీగలు వేసి, శ్రుతి పెట్టాను. కాఫీలు అయ్యేదాకా మెడను కుదురుకోనిచ్చి, మళ్లీ శ్రుతి సరిచేశాను. తర్వాత రేవతి గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ముందు నల్లది వాయించాను. తర్వాత చిన్న ఒళ్లున్న గోధుమరంగుది, మూడోసారి ఆమె పాతది, చివర ఇంకొకటి.

“మొదటిది రొంబ అరుస్తా ఉంది” అంది రేవతి. “రెండోది బాగుండాది. మూడోది ఇంకా బాగుండాది. అది ధర ఎక్కువేమో?”

శెట్టిగారు దగ్గొచ్చినట్టు నటించారు. కళ్లు తెరవకుండానే పట్టుకోమని, మూడోదాన్ని ఆమె ఒడిలో పెట్టాను. కొత్తవాళ్లను ఏడిపించే పట్టు ఒకటుంది. చూపుడువేలితో ఆరు తీగలనూ ఒకేసారి అదిమిపెట్టాలి. ఆమె జంకుతూ నొక్కి, కుడిచేత్తో మీటింది. ఒక తీగ మూగగా ఉండిపోయింది. మిగతావన్నీ మోగాయి. మళ్లీ మీటింది. కళ్లు తెరిచి కిందికి చూసింది. గిటార్ పక్కన సగం ఊడిన సీతాకోకచిలుక స్టిక్కరు కనిపించింది. ఆమె స్కూలు పిల్లలు అంటించినదట.

“ఇది నాదే!”

“నీదేనా?” అంటూ మురళి లేచి వచ్చాడు. నేను నేలవైపు చూస్తూ, మర సంగతి, రేకు సంగతి వీలైనంత పొట్టిగా చెప్పాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారు మాత్రం కొడుకును పైనుంచి కిందిదాకా చూశారు.

“ఒరేయ్, అయితే నా కోడలి వేళ్లలో ఏ లోపమూ లేదా? పిండి రుబ్బేదానికే పనికొచ్చే వేళ్లని వీధంతా చెప్పుకోనొచ్చినానే, ఇప్పుడు ఒక్కో ఇంటికీ పోయి యాడని మార్చి చెప్పేది?”

రేవతి పకపకా నవ్వింది. చేయి కొంగులోంచి బయటికి వచ్చేసింది.

కొత్త తీగల సెట్టు, ఒక మంచి కవరు తీసుకున్నారు. శెట్టిగారు ఆ డబ్బును కళ్లకద్దుకుని పెట్టెలో వేశారు. ఎంత చిన్నదైనా బోణీ బోణీయే. మెట్లదాకా వెళ్లిన మురళి ఆగి, కొక్కేనికి వేలాడుతున్న ఎలన్ కీని చూపించాడు. “శెట్టిగారూ, అది కూడా ఒకటివ్వండి. ఇంట్లో ఉంటే మంచిది.”

శెట్టిగారి చేయి అలవాటుకొద్దీ కొక్కెం దాకా వెళ్లింది.

“వద్దు సార్” అన్నాను మురళితో. అంగడిలో నేను గట్టిగా మాట్లాడిన మొదటి మాట అదే. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. చేతులు చల్లబడ్డాయి, అయినా పూర్తి చేశాను. “అది మీకు అమ్మను. వానలు పోయినాక గిటార్ తీసుకురండి. చెమ్మకి మెడ కదిలుంటే నేనే తిప్పుతాను.”

అందరికంటే ముందు నవ్వింది అత్తగారు.

వానలు పోయాక రేవతి ఒక్కతే వచ్చింది. స్కూల్ పండగలో వాయించానంది. ఎడమచేతి వేళ్ల కొనలు చూపించింది. చర్మం గట్టిపడి ఉంది, గిటార్ నేర్చుకునేవాళ్ల వేళ్లు అలాగే ఉండాలి. మరను ముట్టుకోవలసిన అవసరం రాలేదు. దాన్ని ఇంట్లో ఎవరూ తిప్పలేదని తెలిసింది.

చవక గిటార్ ఎంచుకోవడం గురించి ఆ రోజు నేర్చుకున్నది ఉద్యోగం మానేదాకా పాటించాను. ధర, రంగు తర్వాత. ముందు తీగ ఎత్తు చూడాలి. అంతకంటే ముందు, ఇంట్లో పాతది ఉంటే తెప్పించి దాని మెడ చూడాలి. వేళ్లు పనికిరావని ఎవరైనా చెబితే, మిగతావన్నీ చూశాకే ఆ మాట నమ్మాలి.