డాక్టరమ్మకు చెప్పని మాత్రలు

చంపాపేట్‌లో మా అపార్టుమెంటులో ఎవరింట్లో వ్రతమైనా ఇంద్రాణి అత్తయ్య ఉండాల్సిందే. తోరాలు ఆవిడ కడితేనే మాకు తృప్తి. ఆ రోజుకి నెలసరి అడ్డురాకూడదని మందులషాపులో మాత్రలు కొనుక్కుని మింగేది. నేను వద్దంటే, "నీకేం తెలుసే, ఊరుకో" అని నోరు మూయించేది.

యాభై దగ్గరపడ్డాక ఒంట్లో వేడి ఆవిర్లు తట్టుకోలేక ఎల్‌బీ నగర్‌లో డాక్టరమ్మకు చూపించుకుంది. ఆవిడ హార్మోన్ మాత్రలు రాసింది. శ్రావణమాసం రాగానే మా మొండి మనిషి వాటితోపాటు పాత మాత్రలూ మింగింది. దాంతో రక్తస్రావం ఎప్పుడవుతుందో, ఎప్పుడాగుతుందో తెలియకుండా పోయింది.

మళ్లీ చూపించడానికి నేనూ, పక్కింటి ఎలీశమ్మా తోడు వెళ్లాం.

"నేను రాసినవి కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఏమీ లేవండీ," అంది అత్తయ్య తొణక్కుండా.

ఎలీశమ్మ మోచేత్తో పొడిచింది. అత్తయ్య ఆమె చెవిలో గొణిగింది. "పూజ కోసం వేసుకున్నవేగా. దేవుడికి తెలుసులే."

ఎలీశమ్మ గొంతు తగ్గించలేదు.

"దేవునికి ఎరుకే వదినా. మందు రాసేది ఈ డాక్టరమ్మ. ఈమెకు చెప్పు."