వక్కాకుతో తప్పించిన ఎన్నిక

దుబారా అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట. దీపం వత్తి తగ్గించి నన్ను చదివించిన నాయన బుద్ధి అది. కదిరికి ఆమడ దూరంలో ఒక పల్లెలో బడిపంతులుగా చేరిన కొత్తలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. బండి బాడుగ, కాగితాలు, సిబ్బంది బత్తాలు, ఖర్చంతా పంచాయతీయే పెట్టుకోవాలని తాలూకా ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. దాన్ని పెద్దలకు చదివి వినిపించింది నేనే.

అప్పటికి వరసగా రెండేళ్లు వానలు లేవు. ఊరిబావిలో బండ తేలింది. మందుపెట్టి పగలగొడితే నీళ్లు పడతాయని ఆశ. పంచాయతీ దగ్గరున్న డబ్బు బావికైనా సరిపోతుంది, ఎన్నికకైనా సరిపోతుంది. రెంటికీ చాలదు.

"ఏమప్పా, చారాణా కోడికి బారాణా మసాలానా? అందరం ఒకమాట మీదుంటే పోలా!" అన్నాడు ఊరిపెద్ద. ప్రెసిడెంటుగా నిలబడింది ఆయనే. పోటీకి ఉన్నది ఒకే ఒక్కడు, ఊరి బయటి వాడలో, మా వైపు గేరి అంటారు, చెప్పులు కుట్టే ఆయన. ఆ గేరివాళ్లను ఊరిబావి దరికి రానిచ్చేవారు కాదు. వాళ్ల ఆడవాళ్లు వంకలో చెలమ తీసి ముంతతో నీళ్లు ఎత్తుకునేవారు. ఆయన నిలబడింది ఆ నీళ్ల కోసమే.

మా వైపు పదిమంది ముందు వక్కాకు, అదే తాంబూలం, పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. ఇక వెనక్కి తగ్గకూడదు. ఆయన్ను పోటీ మానుకోమని అడగడానికి పెద్దలు ఆ వక్కాకు నా చేతికిచ్చి, నన్ను ముందు నడిపించి ఆ గేరికి వచ్చారు.

"బావి లోతు చేసినాక మమ్మల్ని తోడుకోనిస్తారా సామీ?" అని ఆయన నన్నడిగాడు.

"పంచాయతీ దుడ్లతో తవ్వే బావి. అది అందరిదీ" అన్నాను. నిజంగా నమ్మే అన్నాను. నా వెనక పెద్దలు కిక్కురుమనలేదు.

"మీరు చెప్తాండారని తీసుకుంటాండా" అని ఆయన రెండు చేతులూ చాపాడు.

ఎన్నిక తప్పింది. బావిలో నీళ్లు పడ్డాయి. ఊరికి ఎంత మిగిల్చానో అని మూడు రోజులు మురిసిపోయాను. నాలుగో రోజు ఆయన భార్య కడవతో వచ్చి, బావికి ఎడంగా, ఎవరైనా పోస్తారేమోనని ఎండలో నిలబడింది. బడి వదిలేదాకా నిలబడే ఉంది.

ఊరిపెద్దను అడిగాను. "వక్కాకు తీసుకున్నోడు మాటిచ్చినాడు. ఇచ్చినోళ్లం మేమేం మాటిచ్చినాం? ఆ మాట అనింది నువ్వు కదప్పా" అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఉద్యోగం పోతుందన్న భయంతో నోరు మూసుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. చెప్పులు కుట్టే ఆయన మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. ఎదురుపడితే దండం పెట్టి పోయేవాడు. తిట్టినా బాగుండేది.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. మళ్లీ అదే ఉత్తరువు, మళ్లీ పెద్దలు వక్కాకు పళ్లెంతో మా ఇంటికే వచ్చారు. ఈసారి నేను ముట్టలేదు. నామినేషన్లు రాసే పని నాకే పడింది. చెప్పులు కుట్టే ఆయన వచ్చి, ముందుగా నా చేతుల వంక చూశాడు.

"వక్కాకు తెచ్చినారా అయ్యవారూ?"

"లేదు."

"అయితే నా పేరు రాసుకోండి."

రాశాను. ఆ ఎన్నికకు ఖర్చెంతవుతుందని నేను లెక్క వేయలేదు.