అగ్గిపుల్లల కళ్ళంలో ఉపగ్రహపు కరెంటు

ఉపగ్రహానికి కరెంటు ఎలా అందుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. 2003లో మా కింది వాటాలో అద్దెకున్న ఇంజనీరు రామసామి, "సెలవుకు మా ఊరు పోతా ఉండాను. వస్తే ఎండలో సూపిస్తా" అన్నాడు. ఆయన పని అదే. భూమి నీడలోకి వెళ్ళిన ప్రతిసారీ ఉపగ్రహం సౌరఫలకాలను వదిలి బ్యాటరీ మీద బతకాలి. ఆ మార్పులో రెప్పపాటు కరెంటు తెగినా లోపలి యంత్రాలు ఆగిపోవచ్చు. అది తెగకుండా ఆయన సొంతంగా ఒక సర్క్యూట్ కనిపెట్టాడు. ల్యాబు దీపాల కింద బాగానే పనిచేసింది కానీ అసలు ఎండలో రెండుసార్లు తడబడింది. ఇంకోసారి తడబడితే మూడేళ్ళ శ్రమ మూలన పడ్డట్టే.

విరుదునగర్‌లో రైలు దిగి, ఇడ్లీ తిని, సాత్తూరు మీదుగా పోయే బస్సెక్కాను. రామసామి ఊరు కోవిల్‌పట్టికి గంటన్నర పట్టింది, టిక్కెట్టు ఇరవై రూపాయలు దాటలేదు. నా తమిళం విని కండక్టరు జాలిపడ్డాడు. "ఆంద్రమా మీది? తెలుగులోనే అడగండి సామీ, మా ఇంట్లోనూ అదే" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

రామసామి అక్క సుబ్బక్క ఇంటి పక్కనే అగ్గిపెట్టెల కార్ఖానా కళ్ళం. ఇంకా మందు అద్దని పుల్లలు ఎండలో పరిచి ఉన్నాయి. ఒక మూల సౌరఫలకం, బ్యాటరీ, మధ్యలో టిఫిన్ డబ్బా అంత సర్క్యూట్, దానికి తగిలించిన రేడియో. మోకాళ్ళ నొప్పులతో సుబ్బక్క ఆ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "మోడం కమ్మేటప్పుడు పాట్టు తెగకూడదు. తెగితే నా పని ముగిసె" అన్నాడు రామసామి, మీటరు మీంచి కళ్ళు తిప్పకుండా. మబ్బు పట్టి ఫలకం ఆగినా రేడియోలో పాట ఆగకూడదన్నమాట.

మధ్యాహ్నం దాటాక పడమట నల్లగా కమ్ముకొచ్చింది. "వాన వస్తాది, ఎత్తండే!" అని ఎవరో కేకేశారు. తడిస్తే పుల్లలు బూజు పడతాయి. అంతే, పొద్దుటి నుంచీ ఆ మబ్బు కోసమే కాచుకున్న మనిషి మీటరు వదిలేసి పుల్లల మీదికి పరుగెత్తాడు! అగ్గిపెట్టెల ఊళ్ళో పుట్టినవాడు మరి. నేనూ ఒక గోతాం పట్టుకున్నాను.

చివరి మూట పాకలో చేరాక ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో, సూడకుండా పోతినే!"

సుబ్బక్క రేడియో మీదా సర్క్యూట్ మీదా గోనెపట్ట కప్పి, తాను వానలో తడుస్తూ కూర్చుని ఉంది. "ఏల ఏడస్తావురా? నేను వింటానే ఉంటిని. ఎండ పోయె, చీకటాయె, వాన పడె. పాట్టు తెగలే."

"కొంచెమన్నా గరగరమనలేదా అక్కా?"

"లేదురా తంబీ. ఇదో, ఇంకా పాడతానే ఉండాది."

రామసామి గోనెపట్టకు చెవి ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ ప్రయాణంలో కొండంత గోపురాలు చూశాను గానీ, నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ డబ్బానే. సూర్యుడు మాయమైనా ఆ సంగతి రేడియోకు తెలియనివ్వలేదు! తర్వాత మీటర్ల ముందు ఎన్నో పరీక్షలు నెగ్గి ఆ సర్క్యూట్ ఒక ఉపగ్రహంలో ఆకాశానికి వెళ్ళింది. మొదటి పరీక్షకు సాక్షి ఎవరని పైఅధికారులు అడిగితే, "మా అక్క" అన్నాడట. మీరూ అటు వెళితే కళ్ళంలో పుల్లలు తొక్కకుండా అంచు వెంబడి నడవండి. మబ్బు కమ్మితే మాత్రం కెమెరా పక్కన పెట్టి ఒక గోతాం అందుకోండి.