రజిత రెజ్యూమెలో రెండేళ్లు

2023 వానాకాలం. కరీంనగర్‌లో ఒక మందుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు, రెండే గదులు. విదేశీ కంపెనీలకు కంప్యూటర్ నిపుణులను వెతికిపెట్టడం నా పని. వాళ్లకు వర్క్ పర్మిట్, అంటే అక్కడ పనిచేయడానికి ఆ ప్రభుత్వం ఇచ్చే అనుమతి, వచ్చేదాకా కాగితాలు చూసుకోవాలి. దిగాక ఉండడానికి ఇల్లు కూడా కుదర్చాలి. ఆ ఏడు మాకు మాల్టాలో ఒక కంపెనీ తగిలింది. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపదేశం అది. మ్యాప్‌లో చూపించమంటే నేనే కాసేపు వెతుక్కునేదాన్ని. వాళ్లకు నెట్‌వర్క్ ఇంజినీర్లు కావాలి, అక్కడ మనుషులు దొరకడం లేదు.

సిరిసిల్ల నుంచి రజిత వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు, నేతపని చేసే ఇంటి బిడ్డ. వీడియో ఇంటర్వ్యూలో మాల్టా కంపెనీ మేనేజర్ ఒక నెట్‌వర్క్ పటం గీసి, ఇందులో లోపం ఎక్కడుందని అడిగాడు. ఆ లోపం చెప్పడమే కాక, ఆయనకే తెలియకుండా పటంలో దొర్లిన ఇంకో తప్పు కూడా చూపించింది. ఆయన పెద్దగా నవ్వాడు. ఆ వారమే ఆఫర్ వచ్చింది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఆమె రెజ్యూమెలో రెండేళ్ల ఉద్యోగం ఒకటి మొదటిరోజే నాకు అనుమానంగా కనిపించింది. మిగతా ఉద్యోగాల గురించి ఏ టీమ్, ఏ పని అని వివరంగా రాసిన మనిషి, దాన్ని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టింది. అడగాల్సింది. కానీ మాల్టాకు మేం పంపబోయే మొదటి మనిషి ఆమె. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకున్నాను.

ఆఫర్ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది. పాత కంపెనీలకు రాసి, ఈ మనిషి మీ దగ్గర పనిచేసిన మాట నిజమేనా అని అడుగుతారు. సంతకం కోసం రజితను పిలిపించాను. ఫారం చదువుతూ, ఆ రెండేళ్ల ఉద్యోగం దగ్గరికి రాగానే ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"మేడం, గా కంపెనీల నేను ఒక్క దినం గూడ పని చెయ్యలే."

"మరి గా రెండేండ్లు ఏం జేసినవ్?"

"సాంచెలు నడిపిన."

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచెలంటారు. వాళ్ల నాన్న చెయ్యి సాంచెలో పడి నలిగిపోతే, రజిత హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, ఇంట్లో నాలుగు సాంచెలు తానే నడిపింది. ఆయన కోలుకున్నాక మళ్లీ ఉద్యోగాలకు తిరిగితే, ఆ ఖాళీ చూసి ఎవరూ ఇంటర్వ్యూకే పిలవలేదు. చివరికి ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు లేని అనుభవానికి కాగితం చేసిచ్చారు.

"మనమే ముందుగాల చెప్పుదాం," అన్నాను. "నిజం జెప్తే అర్థం జేసుకుంటరు."

"కొలువు పోతే?"

"పోదు. ఫికర్ చెయ్యకు."

అలా మాటివ్వడానికి నేనెవరిని?

మర్నాడు వీడియో కాల్‌లో రజిత ఏదీ దాచకుండా చెప్పింది. మేనేజర్ చివరిదాకా విని, నన్ను అడిగాడు: "మీకు ముందే తెలుసా?" రజిత నా పక్కనే తలవంచుకుని కూర్చుంది. తెలియదనేస్తే అయిపోయేది. "అనుమానం వచ్చింది, అడగలేదు," అన్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కానీ దొంగ కాగితంతో వచ్చిన మనిషిని తీసుకోలేమన్నాడు. మా ద్వారా మనుషులను తీసుకోవడం కూడా ప్రస్తుతానికి ఆపేస్తున్నామన్నాడు.

"నిజం జెప్తే అయితదంటిరి గద మేడం," మెట్ల దగ్గర రజిత అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ తర్వాత నేనెన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఏడెనిమిది నెలలకు అదే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొత్తగా తీసుకున్న ఉద్యోగి తరలింపు పనులు, అంటే పర్మిట్, ఇల్లు లాంటివి, చూడాలట. పేరు రెండుసార్లు చదివాను. రజిత! తనంతట తానే వాళ్ల వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకుంది, మునుపటికన్నా ఒక మెట్టు కింది ఉద్యోగానికి. ఆ రెండేళ్ల ఎదురుగా, ఇంట్లో నాలుగు మరమగ్గాలు నడిపానని రాసింది. పాత తప్పు తానే ఒప్పుకున్న మనిషని వాళ్లు మళ్లీ పిలిచారట. తరలింపు పనికి మా పేరు చెప్పింది కూడా ఆమేనట.

కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. "ఇల్లు ఆఫీసుకు దగ్గర్ల జూడుండ్రి మేడం, సముద్రం కనవడకున్న మంచిదే," అన్నాక ఇద్దరం నవ్వాం. అప్పుడు అడిగాను.

"సాంచెల గురించి ఏమడిగిన్రు?"

"ఒక్కటే ప్రశ్న. మీ బాపు చెయ్యి ఇప్పుడెట్లుందని. గంతే, మల్ల రౌటర్ల మీదికి వోయిన్రు." కాగితాలు నా వైపు జరిపి, "గా ఒక్క ప్రశ్నకు భయపడేనా మేడం, నేను గంత పని జేసింది?" అంది.

నేను భయపడింది కూడా ఒక్క ప్రశ్న అడగడానికే.

ఇప్పుడు ఎవరొచ్చినా, చదువూ అనుభవమూ చూడకముందే ఖాళీగా ఉన్న ఏళ్ల గురించి అడుగుతాను. ఒకామె కాన్పుల గురించి చెప్పింది. ఒకతను వరుసగా పరీక్షలు తప్పిన సంగతి చెప్పి, తలుపు వైపు చూశాడు. విని, ఉన్నది ఉన్నట్టు రాయిస్తాను. ఉద్యోగం వస్తుందని మాత్రం ఎవరికీ మాటివ్వను.