అప్ప చెయ్యందినంత మేర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని ఇన్నాళ్లూ భరించిన మనిషి ఒక్కతే, మా అప్ప. మా వేపు అక్కని అప్పంటాం. అమ్మ పోయేక గొలుగొండ కొండల్లో అడ్డతీగల ఆకు కోసి, విస్తళ్లు కుట్టి, నన్ను చదివించింది. ఇవాళ కంప్యూటర్లో గేములకి అడవులూ కొండలూ తయారుచేసి బతుకుతున్నానంటే ఆ ఆకుల పుణ్యమే.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి అప్పకి కుడి కాలూ చెయ్యీ పడిపోయేయి. అనకాపల్లిలో నేనుండే అద్దె మేడకి తెచ్చేసుకున్నాను. మెట్లు దిగలేదు. కిటికీ దగ్గర కూర్చుని చెరుకు లారీలు చూసేది. "ఒరే, ఒక్కపాలి మన కొండెక్కాలనుందిరా" అనేది. కొండెక్కడమా! మంచం మీంచి లేవాలంటేనే నేను పట్టుకోవాలి.

అంతలో ఒక కంపెనీ వాళ్లు గేముకి అడవి చెయ్యమన్నారు. అచ్చం నిజం అడవిలా ఉండాలన్నారు. ఇంకేం, మన కొండనే చేసేద్దాం, అప్పకీ చూపించొచ్చనుకున్నాను. నర్సీపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి బండి. ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీసేను. బెరడు, రాళ్లు, చెదలు పట్టిన దుంగలు కూడా. ఇంటికొచ్చి ఆ ఫొటోల్లోంచే చెట్లు తయారుచేసి గేమ్ ఇంజిన్‌లో నిలబెట్టేను. గాలి పెట్టేను, ఎండ పెట్టేను. ఆకు సందుల్లోంచి వెలుగు నేల మీద కదుల్తుంటే నాకే ఒళ్లు జలదరించింది.

అప్పని కుర్చీతో సహా స్క్రీను ముందుకి లాగేను. మౌసు నేనే పట్టుకుని మెల్లగా కొండెక్కించేను. కన్నార్పకుండా చూసింది. అడ్డతీగల దగ్గరికొచ్చేసరికి "ఆగరా" అంది.

"ఇది మన కొండ కాదు."

"ఏటి కాదు? అక్కడికెళ్లి ఫొటోలు తీసి మరీ చేసేను!"

"తీగలు కింద దాకా ఆకుతోనే ఉన్నాయి. మేం కోసేవోళ్లం కాదేటి? సెయ్యందినంత మేర బోడితీగే ఉండాల. ఒక్క ఆకు తెంపినట్టు లేదు. అయితే నేనా కొండకి ఎల్లనే లేదేట్రా?"

నిజమే. బోడితీగలు చూడ్డానికి బాగోలేవని నేనే వదిలేసేను. నిండుగా ఉన్న తీగనొకదాన్ని ఫొటోలు తీసి, కొండంతా అదే పాకించేను. తప్పు నాదైతే కోపం ఇంకా ఎక్కువొస్తుంది నాకు. "నీ ఆకులెవడిక్కావాలి, నోర్మూసుకో" అన్నాను. ఛీ, ఆ మాట అన్న నోటికి అన్నం పెట్టింది ఆ మనిషే. ఆ పూట అప్ప కంచం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కూర్చోబెట్టేను. ఒక్కో తీగకీ ఆకులు తీసేస్తుంటే అప్ప చెప్పేది. "ఇంకో బెత్తెడు పైకి తియ్యి. ఆ కొమ్మని దోటితో లాగేవోళ్లం. లేతాకు ఒగ్గెయ్, కోత్తే పాపం." రెండు రోజులు పట్టింది. అయ్యేక పక్కకి తిరిగి చూద్దును కదా, నవ్వుతోంది. జబ్బు చేసేక ఆ నవ్వు చూడ్డం అదే మొదలు.

అడవి పంపించేను. వారంలోపే జవాబొచ్చింది. తీగల కింద ఆకుల్లేవు, ఏదో పొరపాటు జరిగినట్టుంది, నింపండి, మాకు మనిషి అడుగే పడని అడవి కావాలి అని. ఎద్దు పుండు కాకికి నొప్పా? అది పొరపాటు కాదు, మా అప్ప అని ఒక్క ముక్క రాసుండొచ్చు. రాయలేదు. ఇంట్లో పులిని, వాళ్ల దగ్గర పిల్లినైపోయేను. రెండు రోజులు తెంపిన ఆకు నిమిషంలో మొలిపించి పంపేను. అద్భుతం, ఇక్కడికి మనిషన్నవాడు వచ్చినట్టే లేదు అని మెచ్చుకున్నారు.

"ఏటన్నార్రా?" అంది అప్ప.

"బాగుందన్నారు."

"బోడితీగలు సూసేరా?"

"సూసేరు."

పక్క వాటా ఆవిడ కనబడితే చాలు, "మా తమ్ముడి అడవిలో నేను కోసిన జాడుందమ్మా" అని చెప్పుకుంటోంది. ఆకులు తెంపిన అడవి నా కంప్యూటర్ ఒక్కదాన్లోనే ఉంది. అడిగినప్పుడల్లా అదే పెట్టి చూపిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా చూపిస్తున్నాను. నిన్న కూడా అందులో కొండెక్కుతూ అడిగింది.

"ఇది దేశాలోళ్లందరూ సూత్తన్నారా?"

"సూత్తన్నారప్పా" అన్నాను.